క్రూయిజ్ ఓడలో హాయిగా కూర్చోదగ్గ బాల్కనీ గదిని ఎంచుకోవడం ఎలా?

క్రూయిజ్ కంపెనీలు గదులను ప్రధానంగా నాలుగు రకాలుగా అమ్ముతాయి: కిటికీ లేని లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది, సూట్. చాలామంది మూడో రకాన్ని ఎంచుకుని, తెర మీద మొదట కనిపించిన గదికే డబ్బు కట్టేస్తారు. ఒకే ఓడలో, ఒకే ధరకు దొరికే రెండు బాల్కనీల్లో ఒకటి రోజంతా కూర్చోవడానికి వీలుగా ఉంటుంది. ఇంకొకదానిలో గాలి హోరుకు పది నిమిషాలు నిలవలేం. ఈ తేడా ప్రచార చిత్రాల్లో కనిపించదు. ఓడలోని ప్రతి అంతస్తునూ గీసి చూపే డెక్ ప్లాన్‌లో మాత్రం చాలావరకు కనిపిస్తుంది. అది కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఒక గంటసేపు దాన్ని ముందు పెట్టుకుని కూర్చోండి. ఆ గంట ఎలా వాడుకోవాలో వరుసగా చెబుతాను.

ముందుగా: బాల్కనీతో మీకు ఏం పని?

ప్రయాణ పట్టిక తీసి, ఓడ రేవుల్లో ఆగే రోజులెన్ని, పూర్తిగా సముద్రం మీదే గడిచే రోజులెన్ని అని లెక్కపెట్టండి. రోజూ ఒక రేవులో దిగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లు తిరిగి వచ్చే ప్రయాణంలో బాల్కనీ వాడకం తక్కువ. అలాంటప్పుడు మంచి కిటికీ గది తీసుకుని, మిగిలిన డబ్బును ఊళ్లలో ఖర్చు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. అట్లాంటిక్ దాటే ప్రయాణాల్లోనూ, అలాస్కా, నార్వే ఫ్యోర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయల) వంటి చోట్లా పరిస్థితి వేరు. అక్కడ ఓడ కదులుతున్న సమయమే అసలు యాత్ర. కొండలూ హిమనదాలూ పక్కనుంచి సాగిపోతుంటే, పై డెక్కు మీద గుంపులో చోటు వెతుక్కోనక్కర లేకుండా దుప్పటి కప్పుకుని మీ కుర్చీలోంచే చూడగలగడం నిజంగా గొప్ప సుఖం.

ఆ తర్వాత మీ అలవాట్లు. ఇద్దరు కూర్చుని కాఫీ తాగడానికా? కాళ్లు చాపుకుని పడుకుని చదువుకోవడానికా? పిల్లలు నిద్రపోయాక బయట కూర్చుని మాట్లాడుకోవడానికా? ఎండ కావాలా, నీడ కావాలా? ఈ జవాబులు రాసిపెట్టుకోండి. కింద చెప్పే ప్రతి విషయంలోనూ ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సి వస్తుంది. మీకు ముఖ్యమైనదేదో ముందే తెలిస్తే ఆ నిర్ణయం తేలికవుతుంది.

తర్వాత: లోతు ఎంత?

బాల్కనీ వెడల్పు దాదాపుగా గది వెడల్పే. అందుకే సుఖాన్ని తేల్చేది లోతు, అంటే అద్దాల తలుపు నుంచి రైలింగ్ దాకా ఉన్న దూరం. చాలా ఓడల్లో మామూలు బాల్కనీ లోతు నాలుగైదు అడుగులు. అందులో రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల పడతాయి. నిటారుగా కూర్చోవచ్చు గానీ రైలింగ్ వైపు కాళ్లు పూర్తిగా చాపలేరు. వాలు కుర్చీలో పడుకోవాలంటే ఆరడుగులకు తగ్గని లోతు ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొన్ని కంపెనీలు గది విస్తీర్ణంలో బాల్కనీని కూడా కలిపి చెబుతాయి, కొన్ని విడిగా చెబుతాయి. రెండు ఓడలను పోల్చేటప్పుడు ఈ సంగతి చూసుకోకపోతే పెద్ద గది అనుకున్నది చిన్నదై కూర్చుంటుంది. బాల్కనీ విస్తీర్ణం విడిగా చెప్పమని ఏజెంటును అడగండి. దాన్ని గది వెడల్పుతో భాగిస్తే లోతు సుమారుగా తేలుతుంది.

ఒకే ధరకు ఎక్కువ లోతు దొరికే చోట్లు కొన్ని ఉంటాయి. కొన్ని ఓడల పక్క గోడ మధ్యభాగంలో కాస్త బయటికి ఉబికి ఉంటుంది. ఆ ఉబ్బు మొదలయ్యే చోట, ముగిసే చోట బాల్కనీలు ఏటవాలుగా, మిగతావాటి కంటే పెద్దగా ఉంటాయి. ఓడ వెనుక గోడకు ఉన్న బాల్కనీలు కూడా చాలా ఓడల్లో లోతైనవే. వెనుక మూలల్లో రెండు వైపులా తిరిగే బాల్కనీలు దొరికితే అదృష్టమే, కానీ వాటిని అందరికంటే ముందుగా ఎవరో పట్టుకుపోతారు. ప్రిన్సెస్ కంపెనీ పాత పెద్ద ఓడల్లో కరీబ్ అనే డెక్కులోని బాల్కనీలు పై డెక్కువాటి కంటే బయటికి పొడుచుకుని ఉంటాయి. సగం పైకప్పు కింద, సగం ఆకాశం కింద ఉండే ఆ బాల్కనీల్లో ఎండా నీడా రెండూ దొరుకుతాయి. ఇలాంటివి డెక్ ప్లాన్‌లో ఒక్కో డెక్కు అంచును కింది డెక్కుతో పోల్చి చూస్తే మీరే కనిపెట్టవచ్చు.

గాలి, ఊపు: ఓడలో ఎక్కడ ఉండాలి?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే, అయినా ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. ఓడ 20 నాట్ల వేగంతో వెళుతోందనుకోండి. అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్లు. సముద్రం మీద గాలి ఏమీ లేకపోయినా ఆ వేగానికే ఎదురుగాలి పుడుతుంది. అదే వేగంతో నిజంగా ఎదురుగాలి కూడా వీస్తుంటే రెండూ కలిసి గంటకు 74 కిలోమీటర్లవుతాయి. ఓడ ముక్కుకు దగ్గరగా ఉన్న బాల్కనీల్లో ఈ గాలి తాకిడి ఎక్కువ. టోపీ నిలవదు, కప్పులోని కాఫీ ఒలుకుతుంది, మాట వినబడదు. నేరుగా ముందుకు చూసే బాల్కనీలయితే గట్టి గాలి ఉన్నప్పుడు సిబ్బంది తలుపులు తెరవవద్దనే చెబుతారు. రాత్రిపూట అలాంటి గదుల్లో కర్టెన్లు కూడా మూసి ఉంచమంటారు. ఓడ నడిపే అధికారులు చీకట్లోకి చూస్తుంటారు కాబట్టి ముందువైపు గదుల వెలుతురు వారికి అడ్డు.

వెనుకవైపు బాల్కనీల్లో దీనికి పూర్తిగా వేరే వాతావరణం. ఓడ దేహమే గాలిని ఆపుతుంది. నీటి మీద ఓడ గీసుకుంటూ పోయే తెల్లని నురగ దారి కళ్ల ముందు పరుచుకుంటుంది. గంటల తరబడి చూసినా విసుగు పుట్టని దృశ్యం అది. దానికి మూల్యం కూడా ఉంది. ఇంజన్లు, ప్రొపెల్లర్లు దగ్గర కాబట్టి అదురు తెలుస్తుంది. గాలి వాటాన్ని బట్టి పొగ గొట్టం నుంచి నల్లని నుసి కుర్చీల మీద పడవచ్చు. లిఫ్టులు దూరమైతే రోజుకు అనేకసార్లు పొడవాటి వరండా నడవాలి. మెట్లమెట్లుగా కట్టిన వెనుక భాగంలో పైవారికి మీ బాల్కనీ పూర్తిగా కనిపిస్తుంది.

ఊపు సంగతికి వస్తే, ఓడ రెండు రకాలుగా కదులుతుంది. పక్కలకు ఊగడం ఒకటి, ముక్కు లేచి పడడం ఇంకొకటి. ఆధునిక ఓడలకు నీటి కింద రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్క ఊపును బాగా తగ్గిస్తాయి కానీ ముందువెనుకల ఊపును ఆపలేవు. ఆ ఊపు ముందు చివరా వెనుక చివరా ఎక్కువ, మధ్యలో తక్కువ. పక్క ఊపేమో పై అంతస్తులకు వెళ్లే కొద్దీ ఎక్కువగా తెలుస్తుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ఓడ మధ్యలో, వీలైనంత కింది డెక్కులో బాల్కనీ తీసుకోవాలి. ఎత్తు పెరిగితే సుఖం పెరుగుతుందన్న నమ్మకంతో పై డెక్కుకు ఎక్కువ డబ్బు కట్టకండి. అక్కడ చూపు దూరం పోతుంది, నిజమే. కింద ఉంటే అలల చప్పుడు వినిపిస్తుంది, డాల్ఫిన్లు కనిపిస్తే దగ్గరగా కనిపిస్తాయి. నన్నడిగితే కింది డెక్కే బాగుంటుంది.

పైన ఏముంది, కింద ఏముంది?

మీకు నచ్చిన గది నంబరు చూసుకున్నాక, దాని పై డెక్కు ప్లానునూ కింది డెక్కు ప్లానునూ తెరిచి సరిగ్గా అదే చోటును వెతకండి. పైనా కిందా కూడా గదులే ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. పైన ఈతకొలను ఉన్న డెక్కు ఉంటే తెల్లవారకముందే కుర్చీలు జరిపే శబ్దం మొదలవుతుంది. భోజనశాల ఉంటే బండ్లు దొర్లుతాయి. కింద థియేటరో సంగీతం మోగే బారో ఉంటే అర్ధరాత్రి దాకా నేల అదురుతుంది. ముందువైపు కింది గదులకు పొద్దున్నే లంగరు గొలుసు శబ్దం, రేవులోకి చేరేటప్పుడు ఓడను పక్కకు జరిపే థ్రస్టర్ల హోరు వినిపిస్తాయి. ప్లానులో ఏ పేరూ లేకుండా తెల్లగా ఖాళీగా వదిలిన భాగం పక్కన గది తీసుకోవద్దు. అది సిబ్బంది పనిచేసే చోటు కావచ్చు.

పక్క గదికి మధ్య తలుపు ఉన్న గదులను ప్లానులో ఒక గుర్తుతో చూపుతారు. కుటుంబంగా రెండు గదులు తీసుకునేవారికి అవి మేలు. మిగతావారికి పక్కవారి మాటలు వినిపిస్తాయి.

కుడివైపా, ఎడమవైపా?

ఓడ ముక్కు వైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపును స్టార్‌బోర్డ్ అంటారు, ఎడమచేతి వైపును పోర్ట్ అంటారు. వెళ్లిన దారినే తిరిగి వచ్చే ప్రయాణంలో ఏ వైపైనా ఒకటే, పోతూ చూడనిది వస్తూ చూస్తారు. ఒకచోట ఎక్కి మరోచోట దిగే ప్రయాణంలో మాత్రం తేడా ఉంది. వాంకూవర్‌లో బయలుదేరి ఉత్తరాన అలాస్కా రేవుకు చేరే ఓడలో తీరం ఎక్కువగా కుడివైపు ఉంటుంది. అటునుంచి దక్షిణానికి వచ్చే ఓడలో ఎడమవైపు. అయితే ద్వీపాల మధ్య ఇరుకు జలమార్గాల్లో రెండు పక్కలా కొండలే. గ్లేసియర్ బే వంటి చోట ఓడ నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది కాబట్టి రెండు వైపుల వారికీ హిమనదం కనిపిస్తుంది. ఆ ఒక్క దృశ్యం కోసం ఎక్కువ ధర కట్టనక్కర్లేదు.

ఎండ లెక్క ఇంకా సులభం. ఉత్తరార్ధగోళంలో, ఉష్ణమండలం దాటి పైకి వచ్చాక, మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు. తూర్పుకు వెళ్లే ఓడలో దక్షిణం కుడివైపు, పడమరకు వెళ్లే ఓడలో ఎడమవైపు. కాబట్టి సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎడమవైపు బాల్కనీకి ఎండ, కుడివైపు బాల్కనీకి నీడ. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. చలి సముద్రాల్లో ఎండ వైపు, వేడి సముద్రాల్లో నీడ వైపు తీసుకోండి. రేవులో ఓడ ఏ పక్కన ఆనుకుంటుందో మాత్రం ముందుగా నమ్మకంగా చెప్పలేరు. దాని మీద ఆధారపడి గది ఎంచుకోవద్దు.

గది నంబరు సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి వైపు ఊహించకండి, కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. ప్లానులో చూసి నిర్ధారించుకోవడమే మంచిది.

రైలింగ్, చూపుకు అడ్డాలు

కూర్చున్నప్పుడు సముద్రం కనిపిస్తుందా అన్నది అడగాల్సిన ప్రశ్న. నిలబడితే ప్రతి బాల్కనీ నుంచీ కనిపిస్తుంది. అద్దపు రైలింగ్ ఉంటే కుర్చీలోంచే నీళ్లు చూడవచ్చు. కొన్ని బాల్కనీలకు అద్దం బదులు ఉక్కు గోడ ఉంటుంది. ఓడ దేహంలోనే కోసి కట్టిన బాల్కనీలు ఎక్కువగా ఇలా ఉంటాయి. 2004లో తొలి ప్రయాణం చేసిన క్వీన్ మేరీ 2 ఓడలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఉక్కు గోడ వెనుక కూర్చుంటే దృశ్యం తగ్గుతుంది గానీ గాలి తగలదు. ఉత్తర అట్లాంటిక్ చలిలో అది కొరత కాదు, సౌకర్యం. కార్నివాల్ కంపెనీ ఓడల్లో కోవ్ బాల్కనీలు అని పిలిచేవి కూడా ఈ తరహావే. నీటికి చాలా దగ్గరగా, నీడగా, ఏకాంతంగా ఉంటాయి. సముద్రం పోటెత్తినప్పుడు వాటి తలుపులు మూసేస్తారు.

లైఫ్‌బోట్లు వేలాడే డెక్కుకు కాస్త పైన ఉన్న గదుల నుంచి చూస్తే కిందికి పడవల పైకప్పులే కనిపిస్తాయి. ఇలాంటివాటిని అడ్డున్న దృశ్యం అని రాసి తక్కువ ధరకు అమ్ముతారు. అడ్డు ఎంత అన్నది ముఖ్యం. కొన్నిటిలో పడవ రైలింగ్ కంటే కిందే ఉండి దూరపు సముద్రం మొత్తం కనిపిస్తుంది. అలాంటి గది దొరికితే మంచి బేరమే. ఆ నంబరు గది నుంచి ప్రయాణికులు తీసిన వీడియోలు వెతికి చూశాకే తేల్చుకోండి.

ఏకాంతం, నీడ

పక్క బాల్కనీకీ మీదానికీ మధ్య ఉన్న పలక నేల నుంచి పైకప్పు దాకా ఉంటుందా, మనిషి ఎత్తు వరకేనా? పైన కప్పు ఉందా? కప్పు లేని బాల్కనీలో ఎండ బాగా వస్తుంది, వాన కూడా వస్తుంది, పై అంతస్తువారి చూపూ వస్తుంది. ఈతకొలను డెక్కుకు సరిగ్గా కింద ఉన్న గదులకు మాత్రం ఆ డెక్కు ముందుకు పొడుచుకు రావడం వల్ల నీడ బాగా ఉంటుంది, ఆకాశం తక్కువగా కనిపిస్తుంది.

పేరుకే బాల్కనీలు

రాయల్ కరీబియన్ కంపెనీ 2009లో తెచ్చిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్, దాని తోబుట్టువు ఓడల్లో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాక, ఓడ నడిబొడ్డున ఉన్న తోట వైపూ, దుకాణాలూ రంగులరాట్నమూ ఉన్న వీధి వైపూ తెరుచుకుంటాయి. ఎదురుగా మరో వరుస బాల్కనీలుంటాయి. సందడి ఇష్టమైనవారికి బాగుంటుంది, సముద్రం కోసం వచ్చినవారికి కాదు. సెలబ్రిటీ కంపెనీ 2018లో ఎడ్జ్ ఓడలో ఇంకో పద్ధతి తెచ్చింది. విడిగా బాల్కనీ ఉండదు. గది చివర పెద్ద కిటికీ పై సగం అద్దం మీట నొక్కితే కిందికి దిగుతుంది. ఆ మేరకు గది పెద్దదవుతుంది. కానీ ఒకరు నిద్రపోతుంటే మరొకరు తలుపు వేసుకుని బయటి గాలిలో కూర్చోవడంలో ఉన్న హాయి ఇందులో పూర్తిగా దొరకదని నాకనిపిస్తుంది. వర్జిన్ వాయేజెస్ ఓడల్లోనైతే బాల్కనీలో ఊయల కట్టి ఉంటుంది. పేరు ఏదైనా, బయటి నుంచి తీసిన ఫొటోనూ లోపలి నుంచి తీసిన ఫొటోనూ రెండూ చూడకుండా ఒప్పుకోవద్దు.

టికెట్టు ఖాయం చేసేటప్పుడు

తక్కువ ధరకు కనిపించే గ్యారంటీ టికెట్టు అంటే గది రకానికి మాత్రమే హామీ అని అర్థం, గది నంబరును కంపెనీయే తర్వాత కేటాయిస్తుంది. ముక్కు దగ్గర వచ్చినా, డాన్సు ఫ్లోరు పైన వచ్చినా మార్చమని పట్టుబట్టలేరు. బాల్కనీ సుఖం కోసమే డబ్బు పెడుతున్నవారు నంబరు ఎంచుకునే టికెట్టే కొనాలి. మీ ప్రమాణాలకు సరిపోయే నాలుగైదు నంబర్లు ముందుగానే రాసుకుని ఏజెంటుకు ఫోను చేయండి. ఒకటి పోయినా మరొకటి సిద్ధంగా ఉంటుంది. తర్వాత కంపెనీ ఉచితంగా పై తరగతి గదికి మారుస్తామంటే, అది ఎక్కడుందో చూశాకే సరేననండి. ఎంతో వెతికి తెచ్చుకున్న గదిని పోగొట్టుకోవడం మీకు ఇష్టం లేకపోతే అలాంటి మార్పులు వద్దని ముందే నమోదు చేయించుకోండి.

మంచం బాల్కనీ తలుపు పక్కన ఉందా, బాత్‌రూమ్ పక్కన ఉందా అన్నది కూడా అడగండి. పక్కపక్క గదుల్లో ఇది మారుతూ ఉంటుంది. తలుపు పక్కన సోఫా ఉంటే పడుకున్నవారిని లేపకుండా బయటికి వెళ్లి రావచ్చు. చక్రాల కుర్చీ వాడేవారికి గడప లేని బాల్కనీ ఉన్న ప్రత్యేక గదులుంటాయి. అవి తక్కువే కాబట్టి తొందరగా అడగాలి. అవసరం లేనివారు, పెద్దగా ఉన్నాయని వాటి జోలికి పోకూడదు.

ఓడ ఎక్కాక

బాల్కనీలోకి వెళ్లగానే తలుపు గొళ్లెం, కుర్చీల పరిస్థితి, దీపం మీట చూసుకోండి. కుర్చీ విరిగినా, ఉప్పు మరకలతో అద్దం మసకబారినా మొదటి రోజే గది సిబ్బందికి చెబితే సరిచేస్తారు. పక్క గది మీ కుటుంబానిదే అయితే మధ్య పలక తెరవమని కూడా అప్పుడే అడగండి. చాలా ఓడల్లో అది సాధ్యమే.

బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే అనేక ఓడల్లో ఏసీ ఆగిపోతుంది. వేడి సముద్రాల్లో తేమ లోపలికి వచ్చి నేల తడిసిపోతుంది కూడా. బాల్కనీ తలుపు తెరిచి ఉండగా ఓడ లోపలి వరండా వైపు తలుపు తీస్తే గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి తలుపు చేతివేళ్ల మీద పడుతుంది. ఈ విషయం పిల్లలకు తప్పక చెప్పండి.

పొగ తాగడాన్ని ఇప్పుడు చాలా కంపెనీలు బాల్కనీల్లో నిషేధించాయి. ఈ కట్టుబాటు వెనుక ఒక విషాదం కూడా ఉంది. 2006 మార్చిలో జమైకా సమీపంలో స్టార్ ప్రిన్సెస్ ఓడలో ఒక బాల్కనీలో మంట లేచి, ప్లాస్టిక్ పలకలూ కుర్చీల మీదుగా పై అంతస్తులకు పాకింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆర్పకుండా పారేసిన సిగరెట్టు పీకే కారణమై ఉంటుందని దర్యాప్తులో భావించారు. ఆ తర్వాత అంతర్జాతీయ భద్రతా నియమాలను సవరించి, బాల్కనీల సామగ్రికీ మంటలను పసిగట్టి ఆర్పే ఏర్పాట్లకూ కొత్త షరతులు పెట్టారు. అవి 2008 జూలైలో అమల్లోకి వచ్చాయి. కొవ్వొత్తులు వెలిగించడం, రైలింగ్ మీద తడి బట్టలు ఆరేయడం కూడా కుదరవు. ఎగిరిపోయిన తువ్వాలు కింది బాల్కనీలోనో సముద్రంలోనో పడుతుంది.

చిన్నపిల్లలున్నవారు కుర్చీలనూ బల్లనూ రైలింగ్ దగ్గర అసలు ఉంచకూడదు. అమెరికా 2010 చట్టం ప్రకారం అక్కడి రేవుల్లో ప్రయాణికులను ఎక్కించుకునే పెద్ద ఓడల్లో రైలింగ్ ఎత్తు 42 అంగుళాలకు, అంటే దాదాపు 107 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కుర్చీ ఎక్కిన పిల్లవాడికి ఆ ఎత్తు ఏ మాత్రం చాలదు. తలుపుకు పైన గొళ్లెం ఉంటే పడుకునే ముందు వేసేయండి, లేకపోతే ఏదైనా ఏర్పాటు చేయగలరేమో గది సిబ్బందిని అడగండి.